పాత ఎస్ప్రెస్సో యంత్రాల మరమ్మతు: ఏ భాగం మన ఊళ్లో దొరుకుతుంది, ఏది ఇటలీ నుంచే రావాలి

కర్నూలు, అనంతపురం రెండూ హైదరాబాదు నుంచి బెంగళూరుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీదే ఉన్నాయి కాబట్టి, ఆ మహానగరాల్లో మూతపడిన హోటళ్ల సామాను అప్పుడప్పుడు ఈ దారిలోని గుజిరీ అంగళ్లకు చేరుతూ ఉంటుంది. అందులో ఎప్పుడైనా ఇటలీలో తయారైన పాత ఎస్ప్రెస్సో యంత్రం కనిపించవచ్చు. క్రోమియం పూత అక్కడక్కడ లేచిపోయి, ఆవిరి గొట్టం వంగి, లోపలి తీగలను ఎలుకలు కొరికేసిన స్థితిలో అది రాగి, ఇత్తడి తూకానికి అమ్ముడుపోయేందుకు సిద్ధంగా ఉంటుంది. అలాంటిదాన్ని కొని బాగుచేయించుకోవాలనుకునేవారు సాధారణంగా మొదట అడిగే ప్రశ్న, ఇది పనిచేస్తుందా అని. అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఇందులోంచి ఏ భాగమైనా ఊడి పోయిందా? విరిగిన భాగం చేతిలో ఉంటే దాని కొలత తీసుకోవచ్చు, మాటు వేయించవచ్చు, లేతు మీద కొత్తది చేయించవచ్చు. అసలే లేని భాగానికి కొలతంటూ ఉండదు. అది ఎలా ఉండేదో తెలుసుకోవడానికే నెలలు పడుతుంది. ఎంత పాడైపోయినా భాగాలన్నీ ఉన్న యంత్రమే కొనదగినదని, పైకి మెరుస్తున్నా భాగాలు లేని యంత్రం జోలికి పోకూడదని నా గట్టి అభిప్రాయం. అందుకు కారణాలు యంత్రం లోపలి నిర్మాణంలోనే ఉన్నాయి.

ముందుగా యంత్రాన్ని గుర్తించాలి. మన పెళ్లిళ్లలో, బేకరీల్లో పాలను నురగలు కక్కించే నిలువుపాటి యంత్రం ఆవిరి బాయిలర్ మాత్రమే; దానిలో కాఫీ దిగే భాగం ఉండదు. ఎస్ప్రెస్సో యంత్రంలో మెత్తగా మరపట్టిన కాఫీపొడి గుండా సుమారు 9 బార్ల పీడనంతో వేడినీటిని నెట్టే ఒక బరువైన ఇత్తడి తల ఉంటుంది. దాన్ని గ్రూపు అంటారు. కాఫీపొడి నింపిన పిడిగిన్నె ఈ గ్రూపుకే బిగుస్తుంది. ఇటలీలోని ట్యూరిన్ నగరంలో ఆంజెలో మోరియోండో 1884లో, మిలన్‌లో లూయిజి బెజ్జెరా 1901లో పేటెంటు పొందిన తొలి యంత్రాలు ఆవిరి పీడనం మీదే ఆధారపడేవి. ఆవిరితో అంత ఎక్కువ పీడనం తెస్తే నీరు విపరీతంగా వేడెక్కి కాఫీ మాడిపోతుంది. అకిలె గాజియా 1948లో మార్కెట్లోకి తెచ్చిన యంత్రం ఈ చిక్కును విడదీసింది: మీటను కిందికి లాగితే స్ప్రింగు ముడుచుకుంటుంది, వదిలితే ఆ స్ప్రింగే పిస్టన్‌ను నెట్టి నీటిని పొడిలోకి దించుతుంది. పీడనం బాధ్యత స్ప్రింగుది, వేడి బాధ్యత బాయిలర్‌ది. 1961లో ఫాయెమా కంపెనీ ఈ61 నమూనాలో స్ప్రింగు స్థానంలో మోటారు పంపును పెట్టింది. ఆ ఏడాది ఫిబ్రవరి 15న ఇటలీలో కనిపించిన సంపూర్ణ సూర్యగ్రహణం వల్లే దానికి ఆ పేరు వచ్చింది.

ఈ చరిత్ర విడిభాగాల వేటలో నేరుగా పనికొస్తుంది. ఈ61 గ్రూపును తర్వాతి దశాబ్దాల్లో ఎన్నో కంపెనీలు తమ యంత్రాలకు వాడుకున్నాయి, ఇప్పటికీ కొత్త యంత్రాల్లో అదే గ్రూపు వస్తోంది. అందువల్ల దాని గాస్కెట్లు (నీరు కారకుండా అతుకుల మధ్య వేసే వలయాలు), లోపలి కవాటాలు, వాటిని తెరిచి మూసే కామ్, చిన్న స్ప్రింగులు అన్నీ కొత్తవే దొరుకుతాయి. గుజిరీలో దొరికిన యంత్రం కంపెనీ పేరు ఎవరూ వినకపోయినా, దాని గ్రూపు ఈ61 అయితే సగం పని తేలికైనట్టే. ఇంట్లో వాడే చిన్న మీట యంత్రాల్లో లా పావోని కంపెనీ యూరోపిక్కోలాది ఇలాంటి స్థితే: 1961 నుంచి వస్తున్న ఆ నమూనా నేటికీ తయారవుతోంది. అయితే సుమారు 2000 సంవత్సరానికి ముందు వచ్చినవాటిలో కాఫీ గిన్నె వ్యాసం 49 మి.మీ., తర్వాతివాటిలో 51 మి.మీ. పేరు ఒకటే, బొమ్మ ఒకటే, పిస్టన్ సీళ్లు మాత్రం ఒకదానివి ఇంకొకదానికి పట్టవు. తయారైన సంవత్సరం తెలియకుండా, పేరు చూసి సామాను తెప్పించుకుంటే డబ్బు వృథా అవుతుంది.

కంపెనీ పేరు ఇంకా మార్కెట్లో ఉండడం కూడా భరోసా కాదు. ఫాయెమా 1995లో చింబాలి గ్రూపులో కలిసింది. గాజియా 1999లో సాయెకో చేతికి, దానితోపాటు 2009లో ఫిలిప్స్ చేతికి వెళ్లింది. లా పావోనిని 2019లో స్మెగ్ కొన్నది. చేతులు మారిన కంపెనీలు పాత నమూనాల భాగాలను నిల్వ ఉంచాలన్న నియమమేమీ లేదు. పాతకాలపు యంత్రాలకు సరుకు ఇప్పుడు ప్రధానంగా స్వతంత్ర విడిభాగాల వ్యాపారుల నుంచే వస్తోంది.

బాయిలర్లో చేరిన మన రాళ్లు

మరమ్మతులో మొదటి పని నీటికి సంబంధించినది. రాయలసీమలో దానికి ప్రత్యేకమైన బరువుంది. కడప రాయి అని దేశమంతా పిలుచుకునే నల్లబండ, బేతంచెర్ల పరుపుబండలు, ఎర్రగుంట్ల, తాడిపత్రి చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలు తవ్వుకుంటున్న రాయి, ఇవన్నీ సున్నపురాయి జాతివే. వాననీరు నేలలోకి దిగేటప్పుడు మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని స్వల్పంగా ఆమ్లగుణం పొందుతుంది. ఆ నీరు సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగించి బైకార్బనేటు రూపంలో తనతో మోసుకుపోతుంది. ఉమ్మడి కర్నూలు జిల్లాలో కొలిమిగుండ్ల దగ్గర 3,229 మీటర్ల పొడవున్న బెలుం గుహలు ఏర్పడింది ఈ కరుగుదల వల్లనే. బాయిలర్లో జరిగేది సరిగ్గా దీనికి తిరుగు ప్రక్రియ. బోరునీటిని వేడిచేసినప్పుడు కార్బన్ డయాక్సైడు ఆవిరితోపాటు బయటికి పోతుంది. అది పోగానే బైకార్బనేటు మళ్లీ కాల్షియం కార్బొనేటుగా మారి, వేడి ఎక్కువగా ఉన్న చోట గట్టిగా అంటుకుంటుంది. భూమిలో కరిగిన రాయి హీటింగ్ ఎలిమెంటు మీద తిరిగి రాయి అవుతుందన్నమాట.

వాడుకలో ఉప్పు అని పిలిచే ఈ పొర వేడిని సరిగా పోనివ్వదు. లోపల ఎలిమెంటు అతిగా వేడెక్కి కాలిపోతుంది. నీటిమట్టాన్ని పసిగట్టే కడ్డీ మీద పేరుకుంటే యంత్రం నీరు లేకపోయినా ఉందనో, ఉన్నా లేదనో అనుకుంటుంది. ఈ61 గ్రూపులోకి నీటిని వదిలే చిన్న జెట్టు రంధ్రం ఒక మిల్లీమీటరు కన్నా సన్నం. చిన్న ఉప్పు పలుకు అడ్డుపడితే చాలు, కాఫీ దిగడం ఆగిపోతుంది. భారత తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నీటి కాఠిన్యం లీటరుకు 200 మి.గ్రా. లోపు ఉండడం మంచిది, వేరే దారి లేని చోట 600 మి.గ్రా. వరకు అనుమతి ఉంది. కాఫీ యంత్రాలకు సాధారణంగా సూచించేది 50 నుంచి 175 మి.గ్రా. మధ్య. మనిషికి హాని చేయని నీరు కూడా బాయిలర్‌ను చంపగలదని ఈ అంకెలే చెబుతున్నాయి.

పేరుకున్న ఉప్పును తీయడానికి కిరాణా అంగట్లో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, సరిపోతుంది. లీటరు గోరువెచ్చని నీటికి 30 నుంచి 50 గ్రాములు కలిపి, విడదీసిన ఇత్తడి, రాగి భాగాలను అందులో నానబెట్టాలి. బుడగలు ఆగిపోతే నీటిని మార్చాలి. త్వరగా తేలుతుందని ఆ ద్రావణాన్ని మరిగించకూడదు, ఎందుకంటే కాల్షియం సిట్రేటు వేడినీటిలో మరింత తక్కువగా కరుగుతుంది. కరిగిన ఉప్పు ఇంకో తెల్లటి పొరగా తిరిగి కూర్చుంటుంది. మన దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు మరొకటి. పింగాణీ తొట్లు కడిగే యాసిడ్, అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం, నిమిషాల్లో ఉప్పును తినేస్తుంది కాబట్టి మెకానిక్కులు దాన్నే సూచిస్తారు. అది ఇత్తడిలోని జింకును కూడా తినేస్తుంది. పసుపుగా ఉండవలసిన ఇత్తడి లేత గులాబీ రంగుకు తిరిగి, గీకితే పొడిపొడిగా రాలితే, ఆ భాగంలో బలం పోయిందని అర్థం. పైపైన రంగు మారడం నిమ్మ ఉప్పుతోనూ జరుగుతుంది; అది తుడిస్తే పోతుంది, భయపడనవసరం లేదు. అల్యూమినియం భాగాలను మాత్రం ఏ ఆమ్లంలోనూ వదిలేయకూడదు.

శుభ్రం చేశాక ఏ నీరు పోయాలన్నది తర్వాతి చిక్కు. ఫ్లోరైడు బాధ ఉన్న అనంతపురం జిల్లాలో ఆర్.ఓ. నీటి క్యాను దొరకని వీధి లేదు. చాలామంది అదే పోస్తారు. ఉప్పు పేరుకోదన్న మాట నిజమే. కానీ నీటిమట్టపు కడ్డీ పనిచేసేది నీటి గుండా విద్యుత్తు ప్రవహించడం మీదే. లవణాలన్నీ తీసేసిన నీటిలో విద్యుత్తు సరిగా ప్రవహించదు, యంత్రం బాయిలర్ ఖాళీగా ఉందనుకుని పంపును ఆపకుండా నడిపి అంచుల దాకా నింపేస్తుంది, ఆవిరి గొట్టం నుంచి వేడినీరు చిమ్ముతుంది. పైగా అటువంటి నీటితో కాఫీ రుచి చప్పబడుతుంది. దీనికి తేలికైన మార్గం ఉంది: ఆర్.ఓ. నీటికి లీటరుకు 0.1 గ్రాము పొటాషియం బైకార్బనేటు కలపడం. కాల్షియం లేదు కాబట్టి ఉప్పు కట్టదు, అయాన్లు ఉన్నాయి కాబట్టి కడ్డీకి నీరు తెలుస్తుంది, క్షారగుణం లోహాన్ని కాపాడుతుంది. క్యాను నీటిలో బోరునీరు కొంత కలపడం కూడా చేయవచ్చు గానీ, మన బోర్లలో క్లోరైడు ఎక్కువగా ఉండే చోట్ల అది స్టెయిన్‌లెస్ స్టీలు బాయిలర్లకు మంచిది కాదు. ఉప్పు బస్తాలు పోసి నడిపే సాఫ్ట్‌నర్లు కాల్షియాన్ని తీసి సోడియాన్ని పెడతాయి; క్లోరైడును అవి ముట్టుకోవు.

రబ్బరు, ఆస్బెస్టాస్

యంత్రాన్ని విప్పినప్పుడు నల్లగా, రాయిలా గట్టిపడిన రబ్బరు వలయాలు కనిపిస్తాయి. వాటిని కొలిచి అలాంటివే తెమ్మని అంగడికి పంపడం సహజంగా తోచే పని. అది సరైన పద్ధతి కాదు. ఏళ్ల తరబడి నలిగిన గాస్కెట్ తన అసలు మందం కోల్పోయి ఉంటుంది. కొలవవలసింది అది కూర్చున్న గాడిని: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, లోతు, వెర్నియర్ కాలిపర్‌తో కనీసం మిల్లీమీటరులో పదో వంతు దాకా. ఈ61 గ్రూపు గాస్కెట్లు 8 మి.మీ., 8.5 మి.మీ. మందాల్లో వస్తాయి, గ్రూపు అంచులు అరిగిపోయిన పాత యంత్రానికి మందమైనది వాడితే పిడిగిన్నె మళ్లీ సరైన చోట బిగుసుకుంటుంది. అర మిల్లీమీటరు తేడాతో కొత్త గ్రూపు కొనే ఖర్చు తప్పుతుంది.

కొలత తర్వాత పదార్థం. ఎస్ప్రెస్సో బాయిలర్ సుమారు 1 బారు పీడనంతో, 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర పనిచేస్తుంది. ఇంట్లోని ప్రెషర్ కుక్కర్‌దీ దాదాపు ఇదే స్థితి. ఆ వేడినీటికి, ఆవిరికి ఈపీడీఎం అనే రబ్బరు బాగా నిలబడుతుంది. మామూలు అంగళ్లలో దొరికే నైట్రైల్ రబ్బరు ఆవిరికి కొంతకాలంలో గట్టిపడి పగులుతుంది. తాడిపత్రి, కర్నూలు వంటి చోట్ల క్వారీ యంత్రాలకు, జేసీబీలకు హైడ్రాలిక్ సీళ్లు అమ్మే అంగళ్లు చాలా ఉన్నాయి. మీట యంత్రపు పిస్టన్ సీలును తీసుకెళ్లి చూపిస్తే అచ్చంగా అదే ఆకారంలో, అదే కొలతలో ఒకటి వాళ్లు తీసిస్తారు. అది పాలియురెథేన్‌తో చేసినదైతే, నూనెలో ఏళ్ల తరబడి నిలిచే ఆ సీలు వేడినీటిలో త్వరగా మెత్తబడి చెడిపోతుంది. అందువల్ల అంగట్లో ముందు అడగవలసింది పదార్థం పేరు, ఆ తర్వాతే కొలత. ఈపీడీఎం సీళ్లకు మోటారు గ్రీజు, వేజలిన్ పూస్తే అవి ఉబ్బిపోతాయి. ఆహార యంత్రాలకు వాడదగిన సిలికోన్ గ్రీజే పూయాలి. పెదవి ఉన్న సీళ్లను తీసేముందు ఏ సీలు పెదవి ఏ వైపు తిరిగి ఉందో ఫొటో తీసుకోవాలి. తలకిందులుగా వేస్తే కొత్త సీలు కూడా పీడనం నిలపదు.

ఆస్బెస్టాస్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సుమారు 1980ల వరకు వచ్చిన యంత్రాల్లో బాయిలర్ మూత గాస్కెట్టు, ఎలిమెంటు గాస్కెట్టు, కొన్నింటిలో బాయిలర్ చుట్టూ కట్టిన తెల్లటి పట్టీ ఆస్బెస్టాస్‌తో చేసినవి కావచ్చు. ఈ ఖనిజం మనకు కొత్తేమీ కాదు, కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోనే క్రిసోటైల్ ఆస్బెస్టాస్ నిక్షేపాలు ఉన్నాయి. దాని కంటికి కనపడని పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే దశాబ్దాల తర్వాత క్యాన్సర్‌కు దారితీయవచ్చు. పాత గాస్కెట్టును పొడిగా ఉన్నప్పుడు గీకకూడదు, గ్రైండరు పెట్టకూడదు, గాలితో ఊదకూడదు. సబ్బునీటితో బాగా తడిపి, తడిగా ఉండగానే ప్లాస్టిక్ పట్టీతో ఎత్తి, సంచిలో మూసివేయాలి. సరైన రెస్పిరేటర్ మాస్కు లేకుండా ఆ పని మొదలుపెట్టకూడదు. ఇంట్లో పిల్లలు తిరిగే చోట అసలే చేయకూడదు. ఇంకా గమనించవలసిన సంగతి ఏమిటంటే, మన దేశంలో ఆస్బెస్టాస్ వాడకంపై పూర్తి నిషేధం లేదు కాబట్టి, హార్డ్‌వేర్ అంగట్లో గాస్కెట్ షీటు అడిగితే ఇప్పటికీ ఆస్బెస్టాస్ షీటే కోసి ఇచ్చే అవకాశం ఉంది. ఆస్బెస్టాస్ లేనిదని స్పష్టంగా అడిగి తీసుకోవాలి, లేదా టెఫ్లాన్ షీటు వాడాలి. పాతది తీసి మళ్లీ అదే వేయడం కన్నా అన్యాయం మరొకటి లేదు.

ఎక్కడ దొరుకుతుంది

విడిభాగాలు మూడు రకాలు. ఏ రకమో తేలితే ఎక్కడికి వెళ్లాలో తెలుస్తుంది.

మొదటి రకం ప్రమాణబద్ధమైనవి. ఇటాలియన్ యంత్రాల గొట్టాల మరలు చాలావరకు బ్రిటిష్ పైపు ప్రమాణానికి చెందినవి. మన దేశంలో ప్లంబింగు సామాను కూడా అదే ప్రమాణంలో వస్తుంది. అమెరికాలో ఇలాంటి యంత్రాన్ని బాగుచేసేవారికి లేని ఈ సౌకర్యం కడపలో ఏ పైపుల అంగటికి వెళ్లినా మనకుంది. అయితే ఇందులో ఒక సూక్ష్మం ఉంది. పావు అంగుళం అని పిలిచే మర బయటి వ్యాసం నిజానికి 13.16 మి.మీ.; పేరులోని అంగుళాన్ని నమ్మి కొలిస్తే లెక్క తప్పుతుంది. పైగా ఇటాలియన్ యంత్రాల్లో మరలు తరచుగా నిలువునా ఒకే వ్యాసంతో ఉంటాయి, నీరు కారకుండా ఆపేది రాగి వాషరు. మన అంగళ్లలో దొరికే మగ మరలు చాలావరకు కొస వైపు సన్నబడేవి, అవి మర మీదే బిగిసి నీటిని ఆపుతాయి. ఆ సన్నబడే మరను పాత ఇత్తడి పోతలోకి బలంగా తిప్పితే, అది చీలలాగా దిగి పోతను చీల్చేస్తుంది. అలా చీలినది మూడో రకం భాగమైతే యంత్రం కథ అక్కడితో ముగిసినట్టే.

రెండో రకం చేయించుకోదగినవి: ఆవిరి కవాటపు కడ్డీలు, పిడుల మరలు, వంగిన లింకులు, బాయిలర్ అంచు పలకలు. బోరుబావుల మీద బతికే జిల్లాల్లో ప్రతి చిన్న ఊళ్లోనూ లేతు మిషను ఉంటుంది. గుంతకల్లు, గుత్తి రైల్వే షెడ్లలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఫిట్టర్లకు కవాటాల పని కొత్తగా నేర్పవలసిన అవసరం ఉండదు. లేతు పనివారికి ఒక్క సంగతి మాత్రం ముందే చెప్పాలి. వాళ్ల దగ్గర సిద్ధంగా ఉండే ఇత్తడి కడ్డీ ఐఎస్ 319 రకానిది, సులభంగా తెగడానికి అందులో సీసం కలిపి ఉంటుంది. తాగే నీరు తగిలే భాగాలకు 304 లేదా 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు వాడమనాలి. కష్టమైన లోహమని కొంచెం ఎక్కువ కూలి అడుగుతారు, ఇవ్వడం న్యాయం. బాయిలర్‌కు పడిన సన్నని బీటలను సీసం కలిసిన మెత్తని మాటుతో పూడ్చకూడదు. ఫ్రిజ్, ఏసీ మెకానిక్కులు గ్యాసు మంటతో రాగి గొట్టాలు అతికిస్తారు గనుక వారి సాయం తీసుకోవచ్చు, అయితే రాగిని ఇత్తడితో కలిపే చోట వారు మామూలుగా వాడే ఫాస్ఫరస్ కడ్డీ కన్నా, కాడ్మియం లేని వెండి మాటును ఫ్లక్సుతో వాడమనడం మేలు.

పంపు మోటారు విషయంలో మన ప్రాంతం ధనికమైనదని చెప్పాలి. ఈ61 తరహా యంత్రంలో పంపును తిప్పేది కెపాసిటరుతో నడిచే చిన్న సింగిల్ ఫేజ్ మోటారు. అనంతపురంలో బోరు మోటార్లు చుట్టే అంగడిలో దాన్ని బల్లమీద పెడితే, పనివాడు ముందు కాలిపోయిన చుట్ట ఒక పక్కను ఉలితో నరికి, ఇంకో పక్కనుంచి తీగలను కట్టగా లాగి, స్టార్టింగు చుట్టలో ఎన్ని తిప్పులో, రన్నింగు చుట్టలో ఎన్ని తిప్పులో లెక్కపెట్టి గోడమీదో పుస్తకంలోనో రాసుకుంటాడు. తీగ మందం గేజితో చూసి, అదే మందం రాగి తీగను చుట్టి, నూలు దారంతో కట్టి, వార్నిష్ పోసి ఆరబెడతాడు. ఇటలీ మోటారని అతను జంకడు, ఎందుకంటే చుట్టల లెక్క ఏ దేశానిదైనా ఒకటే. పంపు మాత్రం వేరే సంగతి: దాని లోపలి కార్బన్ రెక్కలు ఉప్పు పలుకులకు గీతలు పడి అరిగిపోతాయి, వాటిని ఇక్కడ చేయించలేం. పంపును మొత్తంగా మార్చుకోవాలి.

మూడో రకం చేయించలేనివి: గ్రూపు పోత, దానికి మాత్రమే సరిపోయే పిస్టన్, కంపెనీ చిహ్నాలు, పోతపోసిన పక్క పలకలు, ఆ నమూనాకే ప్రత్యేకమైన పిడులు. ఇవి లేని యంత్రం కొనవద్దని మొదట్లోనే అన్నది వీటి వల్లే. దొరికితే ఇలాంటిదే ఇంకో పాడైన యంత్రం నుంచి తీసుకోవాలి, లేదా ఇటలీలోని వ్యాపారుల దగ్గర పాత నిల్వలో వెతకాలి. చెజేనా నగరంలోని ఎల్ఎఫ్ వంటి విడిభాగాల సంస్థలు గాస్కెట్లు, కవాటాలు, పీడన స్విచ్చులు బొమ్మతో, కొలతతో అమ్ముతాయి. కంపెనీ పేరుతో వెతికినా దొరకనిది కొలతతో వెతికితే తరచుగా దొరుకుతుంది. విదేశాల నుంచి తెప్పించేటప్పుడు కస్టమ్స్ సుంకాన్ని వస్తువు ధరకు రవాణా ఖర్చు, బీమా కలిపిన మొత్తం మీద లెక్కిస్తారు. చిన్న గాస్కెట్టు ఒక్కటి తెప్పిస్తే దాని అసలు ధరకు ఎన్నో రెట్లు పడుతుంది. అందువల్ల యంత్రాన్ని పూర్తిగా విప్పి, ప్రతి గాడినీ కొలిచి, జాబితా పూర్తయిన తర్వాతే ఒకేసారి తెప్పించాలి. అరిగే సీళ్లు రెండేసి జతలు రాయాలి. ప్రామాణిక వాషర్లు, ఓ రింగులు, టెఫ్లాన్ కడ్డీల కోసం సికింద్రాబాదు రాణిగంజ్, విద్యుత్తు సామాను కోసం బెంగళూరు ఎస్పీ రోడ్డు ఉన్నాయి. ఆర్టీసీ కార్గోలో ఇటువంటి చిన్న పొట్లాలు వచ్చేస్తాయి.

స్ప్రింగు, విద్యుత్తు, పరీక్ష

ప్రాణాపాయం ఉన్న పనులు మూడు. మీట యంత్రపు గ్రూపు లోపలి స్ప్రింగు ఎప్పుడూ కొంత ముడుచుకునే ఉంటుంది. 5 సెం.మీ. వ్యాసం ఉన్న పిస్టన్ 9 బార్ల పీడనం ఇవ్వాలంటే దానిమీద సుమారు 180 కిలోల బరువంత బలం పడాలి. స్ప్రింగును అదిమిపట్టే పనిముట్టు లేకుండా పై మూత బోల్టులు విప్పితే ఆ మూత ముఖానికి తగలవచ్చు. పొడవాటి మరకడ్డీ, రెండు దళసరి పలకలతో ఆ పనిముట్టును లేతు అంగట్లో చేయించుకున్న తర్వాతే గ్రూపును ముట్టుకోవాలి.

రెండోది విద్యుత్తు. అమెరికా నుంచి ఎవరో తెచ్చి వదిలేసిన యంత్రమైతే దాని ఎలిమెంటు 110 వోల్టులది. దాన్ని మన 230 వోల్టులకు కలిపితే నాలుగు రెట్లకు పైగా శక్తి లాగి మండిపోతుంది. పలక మీద రాత చెరిగిపోతే మీటరుతో ఓములు కొలిచి తెలుసుకోవచ్చు: 230 వోల్టుల 1000 వాట్ల ఎలిమెంటు దాదాపు 53 ఓములు చూపాలి. ఏళ్లపాటు మూలన పడి ఉన్న ఎలిమెంటు మెగ్గరు పరీక్షలో (కరెంటు బయటి లోహంలోకి పాకుతోందేమో చూసే పరీక్షలో) లీకేజి చూపితే వెంటనే పారేయకూడదు. దాని లోపల నింపిన మెగ్నీషియం ఆక్సైడు గాలిలోని తేమను పీల్చుకుని ఉంటుంది. విడిగా తీసి తక్కువ వేడిలో గంటల తరబడి ఆరబెడితే చాలాసార్లు కోలుకుంటుంది. ఆరిన తర్వాత కూడా లీకేజి ఉంటే మార్చాల్సిందే, హైదరాబాదు, బెంగళూరులలో కొలత ఇస్తే ఎలిమెంట్లు చేసిచ్చేవారున్నారు. సరైన ఎర్తింగు, కరెంటు లీకైతే వెంటనే సరఫరాను ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేని గోడ ప్లగ్గుకు ఏ పాత యంత్రాన్నీ తగిలించకూడదు. నీరు, లోహం, కరెంటు ఒకే చోట చేరిన వస్తువు ఇది.

మూడోది పీడనం. సాధారణంగా 1.8 బార్ల దగ్గర తెరుచుకునే సేఫ్టీ వాల్వును శుభ్రం చేసి తిరిగి వాడడం పొదుపు అనిపించుకోదు. ధ్రువీకరణ ఉన్న కొత్తదే వేయాలి. బాయిలర్‌ను మొదటిసారి గాలితోనో ఆవిరితోనో పరీక్షించకూడదు. గాలి కుంచించుకుని శక్తిని దాచుకుంటుంది, బీట ఉంటే పేలుతుంది; నీరు కుంచించుకోదు కాబట్టి బీట ఉంటే కారుతుంది, అంతే. అపార్టుమెంట్లలో పైపులు పరీక్షించడానికి ప్లంబర్లు వాడే చేతిపంపును అద్దెకు తెచ్చి, బాయిలర్‌ను చన్నీటితో గాలి లేకుండా నింపి, దాని పలకపై రాసిన గరిష్ఠ పీడనానికి ఒకటిన్నర రెట్ల వరకు ఎక్కించి అరగంట ఉంచాలి. ఆ పరీక్షకు సేఫ్టీ వాల్వు స్థానంలో తాత్కాలికంగా బిరడా బిగించాలి, పరీక్ష కాగానే వాల్వును తిరిగి పెట్టాలి. పీడనమాపకంలో ముల్లు కదలకపోతే, అతుకుల దగ్గర పెట్టిన పొడి కాగితం తడవకపోతే బాయిలర్ నమ్మదగినదే.

వేడిచేసిన తర్వాత చూడవలసిన చిన్న భాగం ఒకటుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు: బాయిలర్ మీది వాక్యూమ్ బ్రేకరు. యంత్రం ఆపి చల్లారినప్పుడు లోపల ఆవిరి నీరైపోయి శూన్యం ఏర్పడుతుంది. ఈ కవాటం గాలిని లోపలికి రానివ్వకపోతే ఆవిరి గొట్టం చివర మిగిలిన పాలను బాయిలరే పీల్చుకుంటుంది. కొద్దిరోజుల్లో ఆవిరికి కుళ్లిన పాల వాసన వస్తుంది, అప్పుడు మొత్తం విప్పి కడగాలి. కొత్త ఓ రింగు ఒక్కటి వేస్తే తీరే సంగతి ఇది.

క్రోమియం పూతను చివరికి వదిలేశాను, మరమ్మతులోనూ అది చివరే రావాలి. పూతకు ముందు లోహాన్ని నునుపు చేయడానికి చక్రం మీద రుద్దుతారు. తొందరపడితే అంచులు గుండ్రబడి, కంపెనీ అచ్చుగుద్దిన అక్షరాలు, సంవత్సరం గుర్తులు చెరిగిపోతాయి. తయారైన కాలాన్ని బట్టే సీళ్ల కొలత మారుతుందని పైన చూశాం కనుక, ఆ గుర్తుల ఫొటోలు, కొలతల పుస్తకం సిద్ధమయ్యాకే పూతకు పంపాలి. నీరు తగిలే లోపలి ముఖాలకు పూత వేయించకూడదు. బయటి పూత ఎక్కడా లేవకుండా, మసకబారి మాత్రమే ఉంటే దాన్ని అలాగే ఉంచడం మంచిదని నా సలహా. ఆ డబ్బుతో రెండో జత సీళ్లు, కొత్త పీడనమాపకం, మంచి నీటి ఏర్పాటు వస్తాయి.